సింగపూర్‌కు గంటేనట

మా ఇంట్లో ప్రయాణమై బయల్దేరేవాళ్లను "యాడికి?" అని అడగకూడదు, వాళ్లూ చెప్పకూడదు. అడిగితే పోయే పని చెడుతుందని మా అత్తమ్మ పట్టు. పక్కనున్న అయిజ సంతకు పోతున్నా సరే, నోరు మూసుకోవాల్సిందే. ఈ నియమమంటే నాకు ఒళ్లు మంట. ఆమెతో వాదించే ఓపిక లేక ఊరుకునేదాన్ని.

పోయినేడు మా ఆయన చీరల ప్రదర్శనకు కౌలాలంపూర్ వెళ్లాడు. గద్వాల చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరం కూర్చోవాలి. ఆ చివరి అంచు ఆయనది, ఈ చివరి అంచు నాది. ఆయన లేక మగ్గం ఆగిపోయింది. కౌలాలంపూర్ నుంచి సింగపూర్ వెళ్లి, ఒక దుకాణమాయనకు చీరలు చూపించి ఇంటికి రావాలి.

ఆ రోజు పొద్దున ఫోన్ చేసి, "ఎక్కుతున్న. దిగంగనే చేస్త" అన్నాడు. "యాడి..." అని నేను నోరు తెరిచానో లేదో, అత్తమ్మ మోచేత్తో పొడిచింది. మాట మింగేసి, "జర పైలం" అన్నాను.

ఫోన్‌లో వెతికి చూశాను. కౌలాలంపూర్ నుంచి సింగపూర్ సుమారు మూడు వందల కిలోమీటర్లు, విమానంలో గంట ప్రయాణం. ఓస్, ఇంతేనా! మేం హైదరాబాద్ బస్సులో నాలుగు గంటలు నడుములు విరగ్గొట్టుకుంటాం కదా అనుకుని బెండకాయలు తరగడానికి కూర్చున్నాను.

గంటయింది. పెట్టె తీసుకోవాలి కదా అని ఇంకో అరగంట ఓర్చుకున్నాను. రెండు గంటలు దాటాయి. చేస్తే స్విచాఫ్. తరిగిన బెండకాయలనే మళ్లీ తరుగుతూ కూర్చున్నాను.

"ఏంది పిల్లా, గట్లున్నవ్?" అంది అత్తమ్మ.

"గంట తొవ్వకు రెండు గంటలైంది అత్తమ్మా. ఫోన్ కలుస్తలేదు."

ఆమె లేచి టీవీ రిమోట్ తీసి కొంగు కింద పెట్టుకుంది. వార్తలు చూడాలంటే నాకూ భయమే. నేను సముద్రం ఎన్నడూ చూడలేదు. వరదొచ్చినప్పటి కృష్ణను చూశాను. ఆ నీళ్లే కళ్ల ముందు తిరిగాయి. ఉన్న దేవుళ్లందరికీ మొక్కాను.

మూడున్నర గంటలు గడిచాక ఫోన్ మోగింది.

"దిగిన. బ్యాంకాక్ వచ్చిన."

"బ్యాంకాకా? సింగపూర్ కాదా?"

"సింగపూర్ల దుకాణమాయన వద్దన్నడట. రాత్రి పొద్దుపోయినంక ప్రదర్శనోళ్లు బ్యాంకాక్ మీదికెల్లి టికెట్ మార్చిన్రు. రెండు గంటల పైనే పట్టింది, బయటికొచ్చెవరకు ఇంకో గంట."

"చెప్పొద్దా మరి?"

"బయలెల్లేటప్పుడు జాగ పేరు నేనెట్ల చెప్త? అమ్మ ఊకుంటదా?"

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. తల్లినీ కొడుకునూ కలిపే తిట్టాను. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, కొంగు కింది రిమోట్ తీసి నా పక్కన పెట్టింది.

నేను ఆగాక ఆయన మెల్లగా, "ఎల్లుండి హైదరాబాద్ విమానం. ఈడికెల్లి ఎంతసేపంటే..." అన్నాడు.

"చెప్పకు" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. "ఎన్ని గంటలో నాకు చెప్పకు. నువ్వు ఇంటికి రా, గంతే."