రెండోసారి కాల్చిన బిస్కెట్లు

మా అమ్మ చేసే బిస్కెట్లు గట్టిగా కొరికితే పళ్లే ఊడాలి. చాయ్‌లో ముంచకుండా తిన్న చుట్టాలు మళ్లీ మా ఇంట్లో బిస్కెట్ జోలికి పోయేవాళ్లు కాదు. తొంభైలలో బాన్సువాడలో మా వాడకట్టు అంతా వాటిని సిస్టరమ్మ బిస్కెట్లు అనేవాళ్లు.

అమ్మ చర్చివాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆ హాస్టల్ చూసుకునే సిస్టర్ కేరళ ఆవిడ, చదువు కోసం కొన్నేళ్లు ఇటలీలో ఉండి వచ్చింది. అక్కడ నేర్చుకున్న బిస్కోత్తి అనే బిస్కెట్‌ను ఆవిడ అమ్మకు నేర్పింది. వాళ్లు బాదం వేస్తారట, మేం పల్లీలు వేసేవాళ్లం. మైదా, చక్కెర, గుడ్లు, పిడికెడు సోంపు. పిండిని కాస్త జిగటగా కలిపి, పొడవాటి దిమ్మలా చేసి కాల్చాలి. బయటికి తీసి, వేడి మీదే ఏటవాలుగా ముక్కలు కోసి, తక్కువ సెగ మీద ఇంకోసారి కాల్చాలి. బిస్కోత్తి అంటేనే రెండుసార్లు కాల్చినదని సిస్టర్ చెప్పిందట. అమ్మకు అది వేదవాక్కు అయిపోయింది.

మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? బస్టాండు అవతల ఒక బేకరీ ఉండేది. పొద్దున బ్రెడ్లు, బన్నులు తీసేశాక బట్టీలో మిగిలిన వేడి మీద, ఇళ్ల నుంచి తెచ్చుకున్నవాళ్లకు బిస్కెట్లు కాల్చిపెట్టేవాళ్లు. క్రిస్మస్‌కు, రంజాన్‌కు ఆడవాళ్లు మైదా, డాల్డా, చక్కెర, ఖాళీ డబ్బాలు పట్టుకుని వచ్చి వరుస కట్టేవాళ్లు. అందరి పనీ ఒక్కసారితో అయిపోయేది. అమ్మా నేనూ మాత్రం బట్టీ సెగ తగ్గేదాకా పిండి బస్తాల మీద కూర్చునేవాళ్లం. బేకరీ చాచాకు మమ్మల్ని చూస్తే నవ్వు.

"గిదేం బిస్కెట్ తల్లీ? కాలింది గదా, మళ్ల లోపల పెడ్తవేంది?" అనేవాడు.

మొదటిసారి బయటికి వచ్చినప్పుడు ఆ దిమ్మ కేకులా మెత్తగా ఉండేది. సోంపు వాసనకు నా కడుపులో గోల మొదలయ్యేది. చివరి ముక్క ఒక్కటి ఇవ్వమని బతిమాలేదాన్ని. అమ్మ నా చేతి మీద ఒక్కటి వేసేది.

"ఆగు పొల్లా! అది ఇంకా సగమే అయింది. నీకు దేంట్ల ఓపికుంది?"

ఓపిక లేదన్నది నా మీద అమ్మకున్న పాత ఫిర్యాదు. నేను గిన్నె తోమితే మసి ఉండేది, పిండి కలిపితే ఉండలు ఉండేవి. నిజమే, అబద్ధం కాదు. కానీ ఆ మాట బేకరీలో నలుగురి ముందు అనేసరికి నాకు ఒళ్లు మండేది. నీ బిస్కెట్లు నువ్వే తిను అని మూతి ముడుచుకుని, ఇంటికి పోయాక నాలుగు తినేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక, కోటగిరిలో నాకు ఆఫీసు ఉద్యోగం దొరికిన రెండో ఏడు, అమ్మ మంచం పట్టింది. కడుపులో గడ్డ. నిజామాబాద్‌లో చూపించాం, హైదరాబాద్‌లో చూపించాం. ఇక చేసేదేమీ లేదన్నారు. చివరికి సెలైన్ కోసం బాన్సువాడలోనే దవాఖానలో చేర్పించాం. తిండి సయించడం మానేసింది. గంజి రెండు చెంచాలు పట్టినా బయటికి వచ్చేసేది. నాకు ఆమెను చూస్తే భయం వేసేది.

ఒకరోజు పొద్దున ముఖం తుడుస్తుంటే మెల్లగా అంది. "మన బిస్కెట్ తినబుద్ధయితుంది బిడ్డా. చాయ్‌ల అద్దుకొని."

ఎన్నో రోజుల తర్వాత నోరు తెరిచి అడిగిన తిండి అది. మా బాపును అమ్మ దగ్గర కూర్చోబెట్టి ఇంటికి పరిగెత్తాను. ఆ పిండి ఒక్కదాన్నే కలపడం అదే మొదటిసారి. ఒక్క ఉండ కూడా లేకుండా కలిపాను. బేకరీకి పోయి సంగతి చెప్పగానే చాచా మిగతావాళ్ల ట్రేలు పక్కకు జరిపి నాది ముందు పెట్టాడు.

దిమ్మ చక్కగా పొంగి, ఎక్కడా పగలకుండా బయటికి వచ్చింది. నేను ముక్కలు కోస్తుంటే చాచా అన్నాడు. "బేటీ, గిట్లనే తీస్కపో. పానం బాగలేనోళ్లకు మెత్తగుంటెనే మంచిగుంటది."

నేను వినలేదు. సగం కాలినవి పట్టుకుపోతే అమ్మ ఏమంటుందో నాకు తెలుసు. ఈ ఒక్కసారి ఆ మాట అనిపించుకోవద్దనుకున్నాను. రెండోసారి కాలాల్సిందే అన్నాను. బట్టీ సెగ తగ్గేదాకా కూర్చున్నాను, ముక్కలు ఎర్రబడేదాకా కూర్చున్నాను. అమ్మ తింటూ నన్ను మెచ్చుకుంటున్నట్టు ఊహించుకుంటూ మొత్తం రెండు గంటలు కూర్చున్నాను. మహా ఓపిక! ఆ రోజు నన్ను ఆ బస్తా మీద నుంచి మెడపట్టి గెంటేవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

డబ్బా పట్టుకుని దవాఖానకు వచ్చేసరికి బాపు వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల అమ్మ ముఖం మీదికి దుప్పటి కప్పేశారు.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. పక్క మంచం మీద జుక్కల్ వైపు నుంచి వచ్చిన ముసలామె ఉండేది. ఆమె లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. నన్ను ఓదార్చాలనే చెప్పింది పాపం.

"ఉత్త కడుపుతోని పోలేదు బిడ్డా. నీ తొవ్వ చూసి చూసి ఆకలైతుందన్నది. నా కాడ బన్ను ఉండె, చాయ్‌ల నానబెట్టి పెట్టిన. సగం తిన్నది. మెత్తగ మంచిగుంది, మా బిడ్డ చేసిందేనా అని అడిగింది. ఔ అన్న."

నేను ఆమె చెయ్యి పట్టుకుని, ఇంకేమన్నది అవ్వా అని అడిగాను. ఇంకేమీ అనలేదంది.