ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలి

డెబ్బైలలో మేము మస్కట్ పక్కన మత్రాలో ఉండేవాళ్లం. మా ఆయన రోడ్ల కంపెనీలో ఇంజనీరు, సైటు బురైమి దారిలో ఎక్కడో. రెండు వారాలకోసారి దుమ్ము కొట్టుకుని వచ్చేవారు, ఉతికిన బట్టలు ఆరగానే మళ్లీ బయల్దేరేవారు. మిగతా రోజులు నేను, కిటికీలోంచి కనిపించే బోడికొండ, కింద సందులో అట్టపెట్టెలు నమిలే మేకలు. పక్కింటివాళ్లు గుజరాతీలు, ఎదురింటివాళ్లు బలూచీలు. తెలుగు మాట వినాలనిపిస్తే వంటగదిలో నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. పిచ్చి పట్టకముందే ఏదో ఒక పనిలో పడాలని, మన దేశంవాళ్ల పిల్లల కోసం రెండు అద్దె గదుల్లో నడుపుతున్న ఒక చిన్న బడిలో ఒకటో తరగతి టీచరుగా చేరాను.

నా తరగతిలో అందరూ మలయాళీ, గుజరాతీ, గోవా పిల్లలు. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. ఏడాది మధ్యలో ఒక తెలుగు పిల్ల వచ్చింది, ఆరేళ్లుంటాయేమో. తండ్రిది కరీంనగర్ వైపు, ఒక కంపెనీ షెడ్డులో జనరేటర్లు బాగుచేసే మెకానిక్. పనితనం చూసి కంపెనీవాళ్లు భార్యాబిడ్డల్ని తెచ్చుకోమని రూమ్ ఇచ్చారు. ఆ రోజుల్లో కార్మికులకు అది దొరికేది కాదు.

పిల్లకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. గోడకు ఆనుకుని కూర్చునేది. నేను వంగి తెలుగులో పలకరిస్తే మాత్రం నా చెవి దగ్గరకు వచ్చి, "అమ్మ ఎప్పుడొస్తది?" అని అడిగేది. రోజూ అదే ప్రశ్న. ఆ ఒక్క మాట కోసం నేను పొద్దున్నే హడావిడిగా తయారై బడికి పరుగెత్తేదాన్ని. నవ్వితే నవ్వండి, నాకదే పండగ.

ఒకరోజు బడి నడిపే పెద్ద మేడం తండ్రిని పిలిపించింది. పిల్ల పరీక్షలలోపు నోరు విప్పకపోతే బడిలో ఉంచుకోలేమని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని హిందీలో చెప్పింది. పిల్లల తల్లిదండ్రులందరికీ ఆమె చెప్పే మాటే అది. వాళ్లు తలూపి, ఇంటికెళ్లి ఎవరి భాష వాళ్లు మాట్లాడుకునేవారు. ఈయన మాత్రం చేతులు కట్టుకుని విని, షెడ్డులో ఇంజనీరు చెప్పిన పనిలాగే దాన్ని తలకెత్తుకున్నాడు.

ఆ తర్వాత పిల్ల నా చెవిలో అడగడం కూడా మానేసింది. నేను తెలుగు మాట్లాడితే బిత్తరపోయి చూసేది. మధ్యాహ్నం గేటు దగ్గర మిగతా తల్లులు తిన్నావా, కొట్టుకున్నావా అంటూ ఒకటే గోల. ఈ పిల్ల తల్లి మాత్రం వచ్చి, సంచీ అందుకుని, చెయ్యి పట్టుకుని వెళ్లిపోయేది. కొన్నాళ్లు చూసి, ఉండబట్టలేక ఎదురెళ్లి పలకరించాను. ఆమె అటూ ఇటూ చూసింది.

"ఇంట్ల తెలుగు బంద్ జేసిండు టీచరమ్మా. నాకేమో ఇంగ్లీషు రాదు. గందుకే ఊకుంటున్న."

"పిల్లతో అసలేమీ మాట్లాడవా?"

"చేతులతోని చెప్త. బువ్వ తినమని, పండుకొమ్మని. దానికి సమజైతది." సంచీ భుజానికెత్తుకుని, "ఆయన డ్యూటీకి వోయినంక గూడ మాట్లాడ. బిడ్డ చదువు పాడైతదని భయం," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇక్కడ మాట్లాడే మనిషి లేక నేను ఏడుస్తుంటే, బిడ్డను పక్కన పెట్టుకుని ఈమె మూగదైపోయింది. శుక్రవారం సెలవు. ఎండ కూడా తగ్గకముందే వాళ్ల రూమ్‌కు వెళ్లాను.

తండ్రి మర్యాదస్తుడు. కుర్చీ వేసి, డబ్బా పాలతో చాయ్ పెట్టించాడు. నేను సంగతి ఎత్తగానే తల దించుకున్నాడు.

"నేను ఏడో తరగతి దాక తెలుగుల సదివిన. షెడ్డుల ఇంజనీరు సారు ఏమన్న అడిగితే ఇంగ్లీషుల చెప్పరాక బెల్లంగొట్టిన రాయి లెక్క నిలవడ్త. బిడ్డ నా లెక్క గావద్దు టీచరమ్మా."

"మీకు పని నేర్పిన ఉస్తాదు ఏ భాషలో నేర్పాడు?"

"తెలుగులనే. తిట్టుడు గూడ తెలుగులనే."

"మరి పిస్టన్లు, వాల్వులు?"

"అవి పని అచ్చినంక, దాని ఎన్క అచ్చినయి."

"మొదటిరోజే అన్నీ ఇంగ్లీషులో చెబుతానని ఆయన భీష్మించుకుంటే మీరు షెడ్డులో నిలబడేవారా? ఇంగ్లీషు నేర్పడం నా పని. మీ పిల్లకు అసలు మాటే పోకుండా చూడటం మీ పని."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పెద్ద మేడమ్‌కు ఎవలు చెప్తరు?" అన్నాడు.

"నేను చెబుతాను."

అన్నానే గానీ, ఆ ఉద్యోగం పోతే నాకు మళ్లీ వంటగదే గతి. ఆయన భార్య వైపు తిరిగి, "మాట్లాడుకోండ్రి," అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. పిల్ల మూలన చాప మీద బొమ్మ గీసుకుంటోంది. తల్లి సైగ చేయబోయి, చెయ్యి దించేసింది.

"దా బిడ్డా. ఆకలైతుందా?"

పిల్ల లేచి వచ్చింది. తండ్రిని చూసింది, నన్ను చూసింది. తల్లి ఒళ్లోకెక్కి, అరచేయి తల్లి నోటికి అడ్డం పెట్టింది.

"నో అమ్మా. ఓన్లీ ఇంగ్లీష్."

ఆ పిల్ల నోట నేను విన్న మొదటి ఇంగ్లీషు మాటలు అవే. తడుముకోకుండా, స్పష్టంగా వచ్చాయి. తండ్రి ముఖం ఒక్కసారి వెలిగింది, భార్యను చూడగానే ఆరిపోయింది. "నేనే చెప్తున్న బిడ్డా, మాట్లాడొచ్చు," అన్నాడు. పిల్ల చెయ్యి తీయలేదు. నేను బతిమాలాను. నా మాటా నమ్మలేదు.

తల్లి ఆ చేతిని మెల్లగా తప్పించి ముద్దుపెట్టుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

"మంచిగనే అచ్చింది గద టీచరమ్మా, ఇంగ్లీషు," అంది. పిల్ల తలెత్తి చూసింది. తల్లి గబుక్కున తన చేత్తో తనే నోరు మూసుకుంది.