జ్వరం దాచిన పేజీ

వైరస్ పుట్టి ఊళ్లకు ఊళ్లు ఊడ్చుకుపోయే ఇంగ్లీషు నవలలు నేను నలభై రెండున్నర చదివాను. ఆ సగం సంగతే ఇది.

అన్నీ ఒకే స్నేహితురాలితో కలిసి చదివినవి. చిత్తూరులో ఒకే బడిలో ఇరవై రెండేళ్లు నేను లెక్కలు చెప్పాను, ఆమె సైన్సు చెప్పింది. రిటైరయ్యాక ఇద్దరం తిరుపతిలో రెండు వీధుల ఎడంలో ఇళ్లు తీసుకున్నాం. పుస్తకం ఒకటి, చదివేవాళ్లం ఇద్దరం, ఓపిక ఇద్దరికీ లేదు. అందుకని ఫుట్‌పాత్ మీద కొన్న ఆ లావుపాటి పుస్తకాన్ని బ్లేడుతో నడిమికి కోసేవాళ్లం. ఒకరు మొదటి సగం ముగించి రెండోవాళ్లకు ఇచ్చేసి తాము రెండో సగంలోకి వెళ్లాలి. ఈసారి ఆమె ముందైతే వచ్చేసారి నేను. ఇద్దరిదీ అయ్యాక మైదా జిగురుతో అతికించి, లోపలి అట్ట మీద మూడు సంగతులు రాసేదాన్ని: ముగించిన తేదీలు, రచయిత లెక్కల్లో తప్పులు, జ్వరం దాచిన పేజీ.

ఆ మూడోది ఆమె పెట్టిన నియమం. ఇలాంటి ప్రతి నవలలోనూ ఒకడుంటాడు. ఒళ్లు కాలుతోందని తెలిసీ విమానం ఎక్కుతాడు, లేదంటే పెళ్లికి వెళ్లి అందరినీ కావలించుకుంటాడు. ఆ పేజీ రాగానే ఆమె నుంచి ఫోన్ వచ్చేది.

"నూట పద్దెనిమిది సూడే. దాచినాడు వీడు! ఎండలో నిలబెట్టి కొట్టాల వీణ్ణి."

"ముందు రాసినాయన్ని కొట్టు. మూడు దినాలకొకసారి రెట్టింపైతే పది లక్షల ఊరు రెండు నెలలకు ఖాళీ కావాల. ఈయన ఇంకా హోటల్లో కాఫీ తాగిస్తా ఉండాడు."

2021లో రెండో విడత కరోనా వచ్చినప్పుడు మా చేతిలో ఉన్నది నలభై మూడో పుస్తకం. మొదటి సగం ఏప్రిల్ 29న ముగించాను. రెండో సగం కోసం ఆమెకు మూడుసార్లు ఫోన్ చేశాను. మే 4, మంగళవారం పదకొండింటికి తెచ్చింది. నేను స్నానం చేసి వచ్చేసరికి మా హాల్లో ఫ్యాను కింద, మా ఆయన పక్క కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతోంది. మాస్కు గడ్డం కిందికి దిగి ఉంది.

"ఏమే, మొగం అట్ల వాడిపోయింది?" అన్నాను.

"ఎండే," అంది. ఇరవై నిమిషాలు కూర్చుని వెళ్లింది.

మే 8, శనివారం ఆయనకు జ్వరం వచ్చింది. 13న ఆసుపత్రిలో చేర్చుకుని ఆక్సిజన్ పెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక పట్టిక గీశాను. నవలల్లో డాక్టర్లు గీసేదే: ఇంటికి ఎవరు వచ్చారు, ఏ రోజు, ఎంతసేపు, అంతకు ముందు ఎక్కడున్నారు. పాలు గేటు దగ్గరే తీసుకున్నాం. కూరగాయలు ఉప్పునీళ్లలో కడిగాం. చివరికి మిగిలింది పనామె. పదకొండేళ్లుగా మా ఇంట్లో గిన్నెలు తోముతోంది. మే 2, ఆదివారం కార్వేటినగరంలో అన్న మనవరాలికి చెవులు కుడితే వెళ్లొచ్చింది. సోమవారం పనికి వచ్చింది. సోమవారం నుంచి శనివారానికి ఐదు రోజులు. లెక్క సరిగ్గా కుదిరింది. ఆమెకు జ్వరం రాలేదన్న మాటను, కొందరికి పైకి తెలియకుండా వస్తుందని చదివిన ముక్కతో కొట్టేశాను.

నా స్నేహితురాలికి ఆ పట్టికలో గడే లేదు. మరిచిపోయి కాదు. గీయాలని తోచనే లేదు.

పనామెను గేటు బయట నిలబెట్టి అడిగాను.

"ఆదివారం యాడికి పోయినావు?"

"కార్వేటినగరం పోయినాను గదా టీచరమ్మా. మీకు చెప్పే పోయినాను."

"ఎంతమంది వచ్చినారు ఆడికి?"

"పదైదు మంది ఉంటారు."

"రేపట్నించి రావద్దు."

గేటు దగ్గరకు వేసి వెళ్లిపోయింది. సాయంత్రం స్నేహితురాలికి ఫోన్‌లో పట్టిక మొత్తం చదివి వినిపించాను. పనామె చేసే నాలుగిళ్లలో ఆమెది ఒకటి. అంతా విని, "అట్లయితే నేనూ మాన్పిస్తాలే," అంది. ఎదురింటికీ, పై వాటాలో ఉన్నవాళ్లకూ నేనే చెప్పాను. రెండు రోజుల్లో పనామెకు నాలుగిళ్లూ పోయాయి.

పదిహేడు రోజుల తర్వాత ఆయన ఇల్లు చేరారు. ఈనాటికీ మూడు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకుంటారు.

ఆ రెండో సగం ముట్టుకోవడానికి నాకు ఆగస్టు దాకా మనసు రాలేదు. 312వ పేజీ దగ్గర గుర్తుగా పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఆసుపత్రి ఓపీ చీటీ. నా స్నేహితురాలి పేరు, వయసు, మే 3 తేదీ. కింద డాక్టరు రాత: మూడు రోజులుగా జ్వరం, దగ్గు, కరోనా పరీక్ష చేయించాలి.

చీటీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.

"నాకు తెలుసులే. ఆ పొద్దు గేటుకాడే చెప్పింది. ఒళ్లు వెచ్చగా ఉండాది సార్, పుస్తకం ఇచ్చేసి పోతానని. నేనే, ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగి పో అంటిని."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇంటికొచ్చేసరికి నువ్వు పట్టిక గీసి పెట్టినావు. నీ లెక్క తప్పంటే ఆ పొద్దు అన్నం పెట్టేదానివా?"

"ఆ మనిషికి నాలుగిండ్లు పోయినాయి."

ఆయన పేపరు తిప్పారు.

స్నేహితురాలి ఇంటికి వెళ్లి చీటీ చూపించాను. "కరోనా అని పరీక్ష ఫలితం ఏడో తేదీ గదే వచ్చింది. అంతవరకూ మామూలు జరమే అనుకుంటి."

"వాళ్లంతా అనేది ఆ మాటే. మనం నలభై రెండు చోట్ల రాసుకున్నాం."

"నువ్వు మూడుసార్లు ఫోన్ చేస్తివి. సగం ఇచ్చేదాకా నిద్రపోనిస్తివా నన్ను?"

"సరే. పనామెను నువ్వెందుకు మాన్పించినావు?"

ఆమె చీటీ మడిచి నా చేతిలో పెట్టింది.

మర్నాడు పనామె ఇంటికి వెళ్లాను. కుర్చీ వేసింది. తను నిలబడే ఉంది. తప్పు నాదేనని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఆయమ్మకు జరమని నాకు తెలుసు టీచరమ్మా. ఆ సోమవారం నన్ను వాకిట్లోనే నిలబెట్టి, 'నాకు జరంగా ఉండాది, లోపలికి రావద్దు, నీకు అంటుకుంటుంది' అనింది. మంచి మనిషే అనుకున్నాను."

"ఆ పొద్దు నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"నేను యాడికి పోయినానో అడిగినారు, చెప్పినాను. ఇంకేం అడిగినారు మీరు?"

నా స్నేహితురాలు పనామెకు చెప్పింది. మా ఆయనకు చెప్పింది. నాకు మాత్రం ఎండ అంది. జ్వరమంటే నేను గేటు తీయనివ్వనని ఆమెకు తెలుసు. నాతో కలిసి చదివి, పేజీలు పట్టిచ్చి, నా పద్ధతులన్నీ నేర్చుకుని, చివరికి వాటిని తప్పించుకుంది.

మళ్లీ రమ్మని అడిగాను. "ఇండ్లు చూపించండి, పోతాను. మీ ఇంటికి మాత్రం రాలేను," అంది పనామె.

అందుకని ఎదురింటికి వెళ్లాను. పనామె వల్ల రాలేదని, నా లెక్క తప్పని, ఆమెను తిరిగి పెట్టుకోమని చెప్పాను.

"మరి ఎవురు తెచ్చినారు?" అని అడిగింది ఎదురింటామె.

ఒక్క మాటతో నా స్నేహితురాలిని ఈ వీధిలో ఎవరూ గడప తొక్కనివ్వకుండా చేయగలను. ఎలా చేయాలో నాకు తెలుసు, మే నెలలో ఒకసారి చేశాను.

"నేనే," అన్నాను.

ఎదురింటామె తనకు తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేసింది. సోమవారం నుంచి పనామె ఆ ఇంట్లో చేరింది. పై వాటావాళ్లూ పిలిచారు. నేను కనిపిస్తే ఎదురింటామె ఇప్పటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది.

నా స్నేహితురాలు జ్వరం దాచడాన్ని ఎప్పటికైనా మరిచిపోతానేమో. లెక్కలు చెప్పినన్నేళ్లూ తప్పు జవాబుకు సగం మార్కు కూడా వేయని నా చేత, 'నేనే' అన్న ఆ ఒక్క తప్పు జవాబు చెప్పించింది. దానికి ఆమెను క్షమించలేదు.