హీటర్‌కు చలి పుట్టించిన లబన్ సీసా

ఆ రోజుల్లో ఎంత అలిసినా ఒక్క నిద్రతో తీరిపోయేది. ఇప్పుడు నిద్ర లేచాక కూడా అలసట మంచం పక్కనే కూర్చుని ఉంటోంది. ఖతర్‌కు వచ్చిన కొత్తల్లో (మా ఊరివాళ్లకు ఖతరైనా కువైటైనా దుబాయే, దిద్దడం నేనెప్పుడో మానేశాను) కంపెనీ నన్ను గ్యాస్ హీటర్లు బిగించే పనికి పంపింది. ఎడారిలో హీటర్లేమిటని నవ్వకండి. అల్ రువైస్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు అది. సముద్రం వైపు తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. జనవరిలో ఆ గాలికి దాని యజమాని, ముసలి అర్బాబ్‌కు మోకాళ్లు పట్టేసేవి. పైకప్పు నుంచి గొలుసులతో పొడవాటి ఇనుప గొట్టాలు వేలాడదీసి లోపల గ్యాస్ మంట పెడితే, గొట్టం కాగి కింద ఉన్నవాళ్లకు వెచ్చగా తగులుతుంది. మంచి ఏర్పాటే. మేం బిగించింది మాత్రం ఆగస్టులో.

సరిగ్గా అప్పుడే నాకో సంబంధం కుదిరీ కుదరనట్టు ఊగిసలాడుతోంది. కిందటి సెలవుల్లో అమ్మాయిని ఒక్కసారే చూశాను. ఆ ఒక్కసారికే మనసు అక్కడ వదిలేసి వచ్చాను. కాబోయే మామ ఫోన్ చేసి, “దుబాయ్‌ల ఏం పని జేస్తవ్ బిడ్డా?” అని అడిగాడు. ఉన్నమాటే చెప్పాను, “హీటర్లు బిగిస్తున్న మామా” అని. ఆయన ఫోన్ పెట్టేశాడు. మర్నాడు మా అక్క ఫోన్ చేసి తిట్టింది. “పిలగాడన్న అబద్ధాలకోరు, లేకుంటే దిమాగన్న ఖరాబైంది అంటుండురా ఆయన. శుక్రవారం వీడియోల మంట సూపియ్యాలెనట. సూపియ్యకుంటే సంబంధం మాకొద్దన్నడు.”

శుక్రవారం నమాజు కాగానే అర్బాబ్ కూడా హీటర్ చూడ్డానికి వస్తానన్నాడు. పొద్దున్నే స్విచ్ నొక్కాం. అది ఉలకలేదు, పలకలేదు. గ్యాస్ చూశాం, వైర్లు చూశాం, గొలుసులు కూడా చూశాం (గొలుసులు ఎందుకు చూశామో ఇప్పటికీ తెలియదు). ఒంట్లో ఉన్న నీళ్లన్నీ చొక్కాలోకి వచ్చేశాయి. నిచ్చెన కింద కూలబడి, పెళ్లి పోయిందనుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది. మా మేస్త్రీ కోనసీమ మనిషి, అందరం గోదారన్న అనేవాళ్లం. ఆయన తీరిగ్గా స్తంభం మీది డబ్బా వంక చూశాడు. చలిని కనిపెట్టి మంట వెలిగించమని చెప్పే డబ్బా అది. ఎవరూ కదపకూడదని నేనే అంత ఎత్తున బిగించాను, నా ఖర్మ.

“ఒరే అబ్బాయ్, చలేస్తే గానీ ఇది వెలిగించనివ్వదు. ఈ ఉక్కలో దానికి చలెక్కడేస్తుందిరా? మనమే పుట్టించాలి,” అంటూ ఐసుపెట్టెలోంచి లబన్ సీసా తీసి నా చేతిలో పెట్టాడు. లబనంటే ఇక్కడి చిక్కటి మజ్జిగ. మధ్యాహ్నం తాగుదామని ఇద్దరం దాచుకున్నది.

నిచ్చెనెక్కి సీసాను డబ్బాకు ఆనించి పట్టుకున్నాను. కాసేపటికి టక్కుమంది. ఫ్యాన్ మూలిగింది, గొట్టంలో బుస్సుమని మంట అంటుకుంది. అప్పుడే అర్బాబ్ వచ్చి కుర్చీ లాక్కుని సరిగ్గా గొట్టం కింద కూర్చున్నాడు. అప్పుడే నా ఫోనూ మోగింది, మామ వీడియో కాల్. ఎత్తాను. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో ఫోన్, నిచ్చెన పట్టుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు. తూలాను. సీసా మూత ఊడి లబనంతా నా నెత్తిమీద. కింద అర్బాబ్ “జైన్, జైన్” (బాగుంది, బాగుంది) అని గడ్డం నిమురుకుని, అంతలోనే వేడికి తాళలేక “యల్లా, బంద్ కరో!” అని అరుస్తూ సముద్రం వైపు పరుగెత్తాడు. మోకాళ్ల నొప్పులు ఆ పూటకు ఎటుపోయాయో!

ఫోన్లో మామ కళ్లు చిట్లించాడు. “ఏందిది, మొకానికి సున్నం బూసుకున్నవ్?”

“లబన్ మామా... హీటర్‌కు చలి పెట్టాలని...” అన్నాను, ఎర్రబడుతున్న గొట్టం వైపు ఫోన్ తిప్పుతూ. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. మామ వెనక నుంచి అమ్మాయి నవ్వు వినిపించింది, ఆ తర్వాత మాట.

“నాయినా, అబద్ధమాడేటోడు గింత కష్టమెందుకు పడుతడే?”

ఆ ఒక్క మాటతో నా పెళ్లయింది.

నిన్న అదే షెడ్డుకు సర్వీసింగ్ డ్యూటీ మీద వెళ్లాను. జనవరి గాలి ఎముకల్లో దూరుతోంది. అర్బాబ్ పోయి చాలా కాలమైంది, ఆయన కుర్చీ మాత్రం హీటర్ కిందనే ఉంది, ఎవరూ జరపలేదు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసేది నాకు. పని ముగించి అందులో కాసేపు కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు. క్యాంపుకు చేరి, మొహం కడుక్కుని, తల నున్నగా దువ్వుకుని ఇంటికి వీడియో కాల్ చేశాను.

“అలిసిపోయినవా?” అంది మా ఆవిడ.

“ఏం లేదు, మంచిగున్న.”

“అబద్ధం,” అంది వెంటనే.

నెత్తిమీద మజ్జిగ కారుతున్న మొహాన్ని చూసి నమ్మిన మనిషి, ఇంత శుభ్రమైన మొహాన్ని నమ్మనంటోంది. నాకు నవ్వొచ్చింది. “అవును, అలిసిపోయిన,” అన్నాను.