మా ఆయన వీపుకు అవతల

బొంబాయి నుంచి శ్రీనగర్ దాకా దేశం ఎలా ఉంటుందని మా చాల్‌లో, అంటే మేముండే ఇరుకు గదుల వరసలో, ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ఖాకీ చొక్కా, దాని మీద చెమట మరక, మెడ దగ్గర రెండు మడతలు. అది మా ఆయన వీపు. దారి పొడవునా నాకు కనిపించింది అదొక్కటే.

మా ఆయన ఫాక్‌లాండ్ రోడ్డులో మోటార్‌సైకిల్ మెకానిక్. మనిషి తలుపంత వెడల్పు. ఎవరో తుక్కు కింద పడేసిన పాత బండిని విప్పి, బిగించి, మళ్లీ బతికించాడు. "ఇది ఊళ్లోనే ఉన్న దాదర్ కూడా దాటదు" అని గ్యారేజీ సేటు నవ్వాడు. ఈయనకు రోషం పొడుచుకొచ్చింది. "దాదర్ ఏంది సేట్, లడఖ్ పోయొస్త సూడు" అనేశాడు. సాయంత్రానికి ఆ మాట మా పేట కామాటిపురా అంతా పాకింది. ఇక వెళ్లకపోతే గల్లీలో తలెత్తుకు తిరగలేడు.

"ఒక్కనివి పోకు కొడుకా, పెండ్లాన్ని తోల్కపో" అంది మా అత్త. ఆడమనిషి వెంట ఉంటే నాసిక్‌లో దేవుడికి దండం పెట్టుకుని తిరిగొచ్చేస్తాడని ఆమె ఆలోచన. పాపం, కోడలి సంగతి ఆమెకు ఇంకా తెలియదు. చలికి పనికొస్తుందని తన గొంగడి కూడా మూటగట్టి ఇచ్చింది.

నాకు వెనక కూర్చోవాలని లేదు, నడపాలని ఉంది. రాత్రంతా మేలుకునే మా గల్లీలు తెల్లారాక పడుకుంటాయి కదా. ఆదివారం పొద్దున ఆ ఖాళీ గల్లీల్లో ఆయనే నాకు బండి నేర్పాడు. కుచ్చిళ్లు బొడ్లో దోపి నేను గేరు మారుస్తుంటే, పైన వరండాలో పళ్లు తోముకునేవాళ్లు నోట్లో బ్రష్షులు కదపడం మరిచి చూసేవారు. ఎంత గర్వమో నాకు! కానీ బయల్దేరేముందు ఆయన షరతు పెట్టాడు. "గల్లీల నడిపినవ్, బస్. ఘాట్‌ల హ్యాండిల్ అడగొద్దు."

అడిగాను. నాసిక్ దాటాక అడిగాను, ఢిల్లీలో అడిగాను, జమ్మూలో అన్నం మానేసి మరీ అడిగాను. "ఏక్‌దం పిచ్చిదానివే" అని నవ్వి కిక్కు కొట్టేవాడు. నేను ఆ వీపు వంక కోపంగా చూస్తూ కూర్చునేదాన్ని.

శ్రీనగర్ దాటి, సోనామార్గ్ తర్వాత లడఖ్ దారిలో జోజిలా కనుమ మొదలైంది. మిలిటరీ వాళ్లు ముందు లారీలన్నీ పంపి, మమ్మల్ని చిట్టచివర వదిలారు. లారీలు తొక్కిన తోవంతా కరిగిన మంచు, బురద. ఒక పక్క మంచు గోడ, ఇంకో పక్క అసలేమీ లేదు.

సగం ఎక్కాక బండి మొరాయించింది. ఇంజన్ అరుస్తుంది, చక్రం కదలదు. నన్ను దింపాడు. కదల్లేదు. సామాను దింపాడు. ఊహూఁ. గొంగడి చక్రం కింద పరిస్తే మూరెడు జరిగి ఆగింది. కాలిన వాసన వచ్చింది.

"క్లచ్ పోతది. గాలి పల్చగుంది, ఇంజన్‌కు దమ్ము లేదు. బరువు గుంజుతలేదు" అన్నాడు.

"ఇంకేం బరువున్నది దాని మీద?" అన్నాను.

ఆయన తన పొట్ట వంక చూసుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు. నేనప్పుడు చీపురుపుల్లలా ఉండేదాన్ని. నవ్వాపుకోలేక చచ్చాను.

"వాపస్ పోదామా మరి?" అన్నాను, కావాలనే.

సేటు మొహం గుర్తొచ్చినట్టుంది. "ఎక్కు" అన్నాడు. "నేను నూకుత. పైదాక ఆపకు. ఆపితే మల్ల లేవదు."

వెనక నుంచి తోశాడు. బండి ఒక్కసారి గుంజుకుని కదిలింది. చక్రం లోయవైపు జారింది. అయినా ఆపలేదు. మలుపు తిరిగాను, ఇంకో మలుపు తిరిగాను. వెనక ఆయన అరుపులు వినిపించడం మానేశాయి. ఉన్నట్టుండి ఎదురుగా దారి చదునైపోయింది. కొండలు! ఎన్ని కొండలో! మధ్యలో ఏ వీపూ లేదు.

బండి ఆపి చుట్టూ చూశాను. మనిషన్నవాడు లేడు. మా చాల్‌లో గట్టిగా తుమ్మితే పక్క గదిలోంచి పలకరిస్తారు. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్కదాన్నే ఉండటం అదే మొదలు. గొంతు చించుకుని అరిచాను. ఎవరూ తలుపు తీసి చూడలేదు. మళ్లీ అరిచాను. ఊపిరాడక దగ్గాను, దగ్గుతూనే నవ్వాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు, ఆయన వింటే విననీ.

చాలాసేపటికి మలుపులో కనిపించాడు. నెత్తిన సామాను, భుజాన బురద గొంగడి, మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎందుకే గట్ల అరిస్తివి? పడ్డవనుకొని ఉరికొచ్చిన!"

"ఊకెనే" అన్నాను. ఆయన కళ్లు చూశాక కాస్త సిగ్గేసింది.

ఊపిరి తీసుకుని సామాను కట్టాడు. "దిగు. ఇగ అంతా చదునే, నేను నడుపుత."

"చదునైతే ఇద్దర్ని గుంజుతది. ఎనక కూసో."

చెప్పుల బురద రాయికి రాసి, వెనకెక్కి కూర్చున్నాడు. కొంత దూరం పోయాక చూస్తే, నా భుజాలు నలిగిపోయేలా పట్టుకుని ఉన్నాడు.

"కొండలు సూస్తున్నవా?" అని అడిగాను.

"యాడ సూసుడే, కండ్లు మూస్కున్న."

"తెరువయ్యా" అన్నాను. "నా వీపు చిన్నదే, అన్నీ కనవడ్తయి."