నిండు పేరు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఓర్వకల్లు పక్క పల్లెలో పంతులుగా చేరాను. కూలివాళ్ళను కూడా ‘మీరు’ అనాలని నా పంతం. కూతుర్ని బడిలో చేర్చడానికొచ్చిన కూలిమనిషి సుంకులమ్మతో, “మీరు కూర్చోండి” అన్నాను.

“పేదోళ్లని ఎగతాళి చేస్తాండావా సారూ?” అంటూ ఆమె బిడ్డను లాక్కుని వెళ్ళిపోబోయింది.

గబగబా వెళ్ళి వాకిలికి అడ్డం నిలబడి, “మరి ఎట్లా పిలవాలమ్మా?” అన్నాను.

“నన్ను నువ్వనే అను సారూ. ఊరంతా సుంకీ అంటే ఓర్చుకున్నా. నా బిడ్డను మాత్రం లచ్చీ అనొద్దు. లచ్చిమీదేవీ అని నిండుగా పిలువు.”

మర్నాడు హాజరు తీస్తూ, “లక్ష్మీదేవి!” అన్నాను.

పిల్ల నోరు తెరవకముందే కిటికీ బయట నుంచి తల్లి, “ఉండాది సారూ!” అని కేకేసింది. బడంతా ఘొల్లున నవ్వింది.

ఎవరికేది మర్యాదో వాళ్ళనే అడగాలని ఈ పంతులు నేర్చుకున్నది ఆ రోజే.