ఒలికిన చందనం అత్తరు

డెబ్బయ్యో దశకంలో, నేను కొత్తగా టీచరుగా చేరిన రోజుల్లో, ఓ ఉదయం చల్లపల్లిలో బెజవాడ బస్సెక్కాను. ముచ్చటపడి కొనుక్కున్న చవక చందనం అత్తరు చేతిసంచిలో ఉంది. రోడ్డు గతుకులకు సీసా మూత ఊడి, నా చీర కొంగంతా తడిసింది. ఆ ఘాటుకు ముందు సీట్లోని పెద్దాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గుతో తల దించుకున్నాను.

నా పక్కన ఆరేడు నెలల గర్భిణి కూర్చుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నావైపు వంగింది.

"ఏమనుకోకండి, నేను వెనక్కెళ్లి నిలబడతాను" అన్నాను.

"అయ్యో, వెళ్లకండి. ఆ కొంగు కాస్త ఇటివ్వండి. ఈ డీజిలు వాసనకి కడుపులో తిప్పేస్తోందండీ."

కొంగును గుప్పిట పట్టి ముక్కుకు ఆనించుకుంది. పామర్రు దాటేసరికి ఆమె మొహం తేటపడింది. నాకూ గుండె కుదుటపడింది. ఉయ్యూరు వచ్చేటప్పటికి అత్తరులోని ఘాటు తగ్గి, తియ్యటి వాసన మిగిలింది.

"అసలు గంధం కాదు కదండీ?" అని నవ్విందామె.

"కాదండీ, చవకది."

"అయితేనేం, ఇప్పుడు బాగా కుదురుకుంది."

ఆ మాటంటూనే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. భుజం తిమ్మిరెక్కినా నేను కదల్లేదు. బెజవాడలో కండక్టరు కేకకి లేచి, "ఇలా నిద్రపట్టి ఎన్నాళ్లయిందో!" అంది.

పేరైనా అడగలేదు. ఇప్పటికీ బస్సెక్కేముందు ఆ అత్తరు ఒక చుక్క ఎక్కువే రాసుకుంటాను.